దుప్పటి చేర్చడమూ ఓ ఉద్యోగమే!

యుద్ధానికీ చలికీ మధ్య చిక్కుకున్న జనానికి సాయం అందించే రంగంలో డాక్టర్లకే కాదు.. కామర్స్, సివిల్, నర్సింగ్, కంప్యూటర్స్ చదివినవాళ్లకూ పని ఉంది. కర్నూలు, కడప విద్యార్థులు ఎక్కడ మొదలుపెట్టాలి? ఏం నేర్చుకోవాలి? ఎక్కడ జాగ్రత్తపడాలి?

డిగ్రీ చివరి ఏడాదిలో ఉన్నవాళ్లను 'తర్వాత ఏంటి?' అని అడగండి. కర్నూలులో అయినా కడపలో అయినా వచ్చే జవాబులు దాదాపు ఒకటే. గ్రూప్స్, డీఎస్సీ, బ్యాంకు, పోలీసు.. లేదంటే బెంగళూరు బస్సు. ఈ జాబితాలో ఎప్పుడూ వినిపించని పని ఒకటుంది. యుద్ధం జరిగే చోట, ఎముకలు కొరికే చలిలో ఇల్లూ కరెంటూ పోయిన జనానికి నీళ్లు, తిండి, దుప్పటి, మందులు చేర్చే పని. దీన్నే మానవతా సాయం అంటారు.

'అది సేవ కదా, ఉద్యోగం ఎట్లవుతుంది?' అనేదే మొదటి సందేహం. మంచి మనసుంటే చాలు అనుకుంటాం. కానీ మంచి మనసుతో లారీ సరిహద్దు దాటదు. దాని వెనక కాగితాలు సిద్ధం చేసినవాళ్లు, గోదాములో లెక్క రాసినవాళ్లు, రోడ్డు తెలిసినవాళ్లు, అక్కడ ఎవరికి ముందు ఇవ్వాలో జాబితా తయారుచేసినవాళ్లు ఉంటారు. వాళ్లలో చాలామంది నెల జీతంతో పనిచేసే నిపుణులే. ఆ నైపుణ్యాలు మీరు నేర్చుకోగలిగినవే. కొన్ని సీమలో పెరిగినందుకే మీకు ఇప్పటికే తెలిసినవి.

2022లో మనవాళ్లు చూసిన చలి

ఈ విషయం మనకు దూరంగా అనిపిస్తే 2022 ఫిబ్రవరిని గుర్తుచేసుకోండి. ఫిబ్రవరి 24న ఉక్రెయిన్‌పై రష్యా దాడి మొదలయ్యేనాటికి అక్కడ వేలమంది భారతీయ విద్యార్థులు ఎంబీబీఎస్ చదువుతున్నారు. వాళ్లలో మన రెండు తెలుగు రాష్ట్రాల పిల్లలూ ఉన్నారు. రాత్రుళ్లు సున్నా కంటే దిగువకు పడిపోయే చలి. బంకర్లలో, మెట్రో స్టేషన్లలో తలదాచుకున్నారు. పోలండ్ సరిహద్దుకు పోయేవాళ్లలో కొందరు 30, 40 కిలోమీటర్లు నడిచారు. గేటు దగ్గర ఆరుబయటే రాత్రంతా నిలబడ్డారు.

సుమీ నగరంలో దాదాపు 700 మంది భారతీయ విద్యార్థులు చిక్కుకుపోయారు. కొళాయిలో నీళ్లు ఆగిపోతే బయట పడిన మంచును బకెట్లలో పోగుచేసుకుని, కరిగించి తాగారు. వాళ్లను మార్చి 8న బస్సుల్లో పోల్తావాకు తీసుకొచ్చి, అక్కడి నుంచి రైల్లో పశ్చిమానికి పంపారు. ట్యాంకరు వస్తేగాని బిందె నిండని ఊళ్లు ఎరిగిన మనకు ఆ మంచు నీళ్ల సంగతి వివరించి చెప్పక్కర్లేదు.

ఫిబ్రవరి 26న 219 మందితో తొలి విమానం రొమేనియా రాజధాని బుకారెస్ట్ నుంచి ముంబై చేరింది. అదే 'ఆపరేషన్ గంగ'. మొత్తంమీద దాదాపు 22,500 మంది భారతీయులు స్వదేశానికి చేరుకున్నారు. రాష్ట్ర ప్రభుత్వ సంస్థ ఏపీ ప్రవాసాంధ్రుల సొసైటీ హెల్ప్‌లైన్ నడిపింది. అటునుంచి ఖాళీ చేతులతో వచ్చేవాళ్ల కోసం విమానాలు పోతుంటే, ఇటునుంచి మందులు, దుప్పట్లు, పరుపులు, సోలార్ దీపాలు పంపారు.

ఇప్పుడు ఒక్క నిమిషం లెక్క వేయండి. ఒక్క విద్యార్థి ఇంటికి చేరడానికి ఎంతమంది పనిచేసి ఉంటారు? పేర్ల జాబితా రాసినవాళ్లు, బస్సులు మాట్లాడినవాళ్లు, సరిహద్దులో వేడి టీ ఇచ్చినవాళ్లు, భాష తెలిసి అనువాదం చేసినవాళ్లు, రాత్రంతా ఫోన్లు ఎత్తినవాళ్లు, ఏ విమానంలో ఎన్ని సీట్లున్నాయో చూసినవాళ్లు. వీళ్లలో డాక్టర్లు ఎంతమంది? చాలా తక్కువ.

మన పిల్లలు తిరిగొచ్చారు. ఉక్రెయిన్ జనం అక్కడే ఉన్నారు. 2022 అక్టోబరు నుంచి విద్యుత్ వ్యవస్థపై దాడులు పెరిగాయి. ఆ దేశంలో పట్టణాల్లో చాలా ఇళ్లకు వేడి కేంద్రీకృత బాయిలర్ల నుంచి గొట్టాల ద్వారా వస్తుంది. కరెంటు పోతే పంపులు ఆగుతాయి, పంపులు ఆగితే గదులు చల్లబడతాయి, లిఫ్టులు ఆగితే పై అంతస్తుల్లోని ముసలివాళ్లు కిందికి దిగలేరు. అందుకే ఆ నవంబరులో ఊరూరా జనరేటరు, హీటరు, టీ, ఫోన్ ఛార్జింగ్ ఉండే వెచ్చని కేంద్రాలు తెరిచారు. మరోచోట, అఫ్గానిస్తాన్‌కు మన దేశం 50 వేల టన్నుల గోధుమలు ఇస్తామని మాటిచ్చి, 2022 ఫిబ్రవరి 22న అట్టారీ నుంచి తొలి లారీలను పంపింది. అక్కడ వాటిని పంచే బాధ్యత ప్రపంచ ఆహార కార్యక్రమానిది. గాజాలో అయితే చలికాలపు వానకు గుడారాల్లోకి నీళ్లు చేరడమే పెద్ద కష్టం. చోటు మారితే చలి తీరు మారుతుంది. సాయం తీరూ మారాలి.

చలికి తయారీ ఎండాకాలంలోనే

ఈ రంగంలో చలికాలపు సాయానికి ప్రత్యేకంగా ప్రణాళిక ఉంటుంది. మంచు పడ్డాక దుప్పట్లు కొనడం మొదలుపెడితే అవి చేరేసరికి వసంతం వచ్చేస్తుంది. అందుకని అంచనాలు, టెండర్లు వేసవిలోనే మొదలవుతాయి. సెప్టెంబరు, అక్టోబరు కల్లా సరుకు గోదాముల్లో ఉండాలి. పశువులున్న మన రైతు వేసవి కోసం ముందే వామి వేసి పెట్టుకోడూ? అదే సూత్రం.

దుప్పటి విషయమే తీసుకోండి. అన్ని దుప్పట్లూ ఒకటి కావు. ఎంత వెచ్చదనం ఆపుతుందో 'టాగ్' అనే కొలతలో చెబుతారు. ఉక్కపోత దేశానికి పంపే దుప్పటి, మంచు దేశానికి పంపే దుప్పటి వేర్వేరు. ఇంకో సంగతి తెలుసా? ప్రపంచంలో సహాయ సంస్థలు పంచే దుప్పట్లలో చాలావాటి పుట్టిల్లు హర్యానాలోని పానిపట్. పారేసిన పాత ఉన్ని బట్టల్ని చీల్చి, దారం తీసి, మళ్లీ నేసిన దుప్పట్లవి. మన ఎమ్మిగనూరు చేనేత మగ్గాల ఊరు. సీమలో గొర్రెల కాపర్లకు గొంగడి విలువ తెలుసు. నేతలో దారం మందం ఏమిటో, తడిస్తే ఏమవుతుందో తెలిసినవాళ్లు దుప్పటి నాణ్యత పరీక్షించే పనికి కొత్తవాళ్లు కారు.

బయటివాళ్లకు తట్టని విషయాలు ఇంకా ఉంటాయి. పైన కప్పుకునే దుప్పటి ఎంత ముఖ్యమో కింద పరిచే చాప అంతే ముఖ్యం, నేల నుంచే చలి ఎక్కువ లాగుతుంది. గుడారంలో పొయ్యి ఇస్తే సరిపోదు. పొగగొట్టం లేకపోతే కార్బన్ మోనాక్సైడ్‌తో నిద్రలోనే ప్రాణం పోవచ్చు. నీళ్ల గొట్టాలు గడ్డకడతాయి. మామూలు డీజిలు గడ్డకట్టి లారీ మొరాయిస్తుంది, చలిదేశాల్లో వేరే రకం డీజిలు వాడతారు. చలిలో శరీరం ఎక్కువ శక్తి ఖర్చుచేస్తుంది కాబట్టి తిండి లెక్క కూడా పెరుగుతుంది. మనిషికి రోజుకు 2,100 కిలో కేలరీలు మామూలు అంచనా. 20 డిగ్రీల నుంచి ప్రతి 5 డిగ్రీలు తగ్గేకొద్దీ మరో 100 కలుపుతారు. అంటే సున్నా డిగ్రీల దగ్గర 2,500.

ఇంటర్వ్యూలో ఈ లెక్క వేయగలరా?

ఈ రంగంలో అందరూ అనుసరించే కనీస ప్రమాణాల పుస్తకం ఒకటుంది. దాని పేరు 'స్ఫియర్ హ్యాండ్‌బుక్'. 1997లో మొదలైన ప్రయత్నం, ఇప్పుడు నడుస్తున్నది 2018 నాటి నాలుగో ముద్రణ. ఇంటర్నెట్‌లో ఉచితంగా చదువుకోవచ్చు. బ్యాంకు పరీక్షకు ఆప్టిట్యూడ్ ఎట్లాగో ఈ ఉద్యోగాలకు ఇది అట్లా.

ఒక లెక్క చూద్దాం. వెయ్యి కుటుంబాలు, ఇంటికి ఐదుగురు. అంటే 5,000 మంది మీ శిబిరానికి వస్తున్నారు.

నీళ్లు: మనిషికి రోజుకు కనీసం 15 లీటర్లు. మొత్తం 75,000 లీటర్లు. మన ఊళ్లలో తిరిగే 5,000 లీటర్ల ట్యాంకరు అయితే రోజుకు 15 ట్రిప్పులు.

కొళాయిలు: 250 మందికి ఒకటి చొప్పున 20.

మరుగుదొడ్లు: 20 మందికి ఒకటి చొప్పున 250.

చోటు: మనిషికి కప్పు కింద కనీసం 3.5 చదరపు మీటర్లు. ఐదుగురి కుటుంబానికి 17.5. చలిదేశంలో వంట, స్నానం కూడా లోపలే కాబట్టి మనిషికి 4.5 నుంచి 5.5 కావాలి. అంటే కుటుంబానికి 22.5 నుంచి 27.5 చదరపు మీటర్లు.

దుప్పట్లు: మనిషికి రెండు ఇవ్వాలని మీరు నిర్ణయించారనుకోండి. 10,000 అవుతాయి. ఒక్కోటి కిలోన్నర ఉంటే బరువు 15 టన్నులు. బరువు చూసి ఒక్క పెద్ద లారీ చాలనుకుంటే పొరపాటు. దుప్పటి బరువు తక్కువ, చోటు ఎక్కువ తింటుంది. అందుకే కట్ట పరిమాణం ముందు కొలుచుకుని, తర్వాతే లారీ మాట్లాడాలి.

ఇందులో ఐఐటీ లెక్కేమీ లేదు. కానీ ఈ లెక్క తప్పితే అవతల ఒక కుటుంబం ఆ రాత్రి తడి నేలమీద పడుకుంటుంది. అందుకే ఈ రంగంలో జాలి కన్నా ముందు కచ్చితత్వం అడుగుతారు.

మీ డిగ్రీకి ఏ పని?

బీకాం, ఎంబీఏ: కొనుగోళ్లు, టెండర్లు, గోదాము నిర్వహణ, ఆడిట్. దాతలు ఇచ్చిన ప్రతి రూపాయికీ బిల్లు చూపాలి. స్టాకు కార్డు, వే బిల్లు, మూడు కొటేషన్ల పద్ధతి తెలిసినవాళ్లకు గిరాకీ ఎప్పుడూ ఉంటుంది. చాలాచోట్ల ఇప్పుడు సరుకుకు బదులు నేరుగా డబ్బే ఇస్తున్నారు. ఆ చెల్లింపుల పర్యవేక్షణ కూడా కామర్స్ వాళ్లదే.

సివిల్, మెకానికల్, ఎలక్ట్రికల్, ఐటీఐ: నీటి సరఫరా, పారిశుద్ధ్యం, తాత్కాలిక ఇళ్లు, జనరేటర్లు, హీటింగ్. ఉక్రెయిన్‌లో 'డాక్టర్స్ వితౌట్ బార్డర్స్' సంస్థ 2022లో రైలు బోగీలను ఆస్పత్రిగా మార్చి, తూర్పు ప్రాంతాల రోగులను పశ్చిమానికి తరలించింది. బోగీలో ఆక్సిజన్, కరెంటు అమర్చకుండా అందులో ఏ డాక్టరూ వైద్యం చేయలేరు.

నర్సింగ్, ఫార్మసీ, ఎంబీబీఎస్: ప్రథమ చికిత్స, ప్రసూతి, దీర్ఘకాలిక రోగుల మందులు. యుద్ధంలో గాయాల గురించే వింటాం. కానీ బీపీ, షుగర్ మాత్రలు ఆగిపోయినవాళ్ల కష్టమూ చిన్నది కాదు.

కంప్యూటర్స్, స్టాటిస్టిక్స్, జాగ్రఫీ: ఇంటింటి సర్వేలు, మ్యాపులు, డేటా. 'కోబో టూల్‌బాక్స్' అనే ఉచిత సాఫ్ట్‌వేర్‌తో ఫోన్లోనే సర్వే తయారుచేయడం వారంలో నేర్చుకోవచ్చు. ఎక్సెల్ బాగా వచ్చినవాళ్లు ఏ సంస్థకైనా కావాలి.

సోషల్ వర్క్, సైకాలజీ, లా: తప్పిపోయిన పిల్లలను కుటుంబాలతో కలపడం, మానసిక సాయం, గుర్తింపు కాగితాలు, హక్కులు.

భాషలు చదివినవాళ్లు: అనువాదం, ఫిర్యాదుల కేంద్రాలు, సమాచారం.

పాత ఉదాహరణ ఒకటి చెప్పుకోవాలి. కొరియా యుద్ధానికి భారత్ సైన్యాన్ని పోరాడటానికి పంపలేదు, వైద్య దళాన్ని పంపింది. అదే 60 పారాచూట్ ఫీల్డ్ అంబులెన్స్. నాయకత్వం లెఫ్టినెంట్ కల్నల్ ఎ.జి.రంగరాజ్. 1950 డిసెంబరు చలిలో ప్యాంగ్యాంగ్ ఖాళీ చేయాల్సి వచ్చింది. సామాను కాల్చేసి రమ్మన్నా మనసొప్పక, వదిలేసిపోయిన రైలింజన్ ఒకటి వెతికి పట్టుకున్నారు. బకెట్లతో బాయిలర్లో నీళ్లు నింపి, తామే నడుపుకుంటూ వైద్య పరికరాలతో సహా బయటపడ్డారు. తర్వాత సైనికులతో పాటు ఎందరో మామూలు కొరియన్లకూ వైద్యం చేశారు. ఆ రోజు వాళ్లను కాపాడింది స్టెతస్కోపు కాదు, ఇంజన్ పని తెలిసిన చెయ్యి.

సీమ పిల్లలకు ఇది కొత్తా?

కరువు సాయం మన నేలకు పాత విద్య. 1866 కరువులో ఉయ్యాలవాడకు చెందిన బుడ్డా వెంగళరెడ్డి వేలమందికి అన్నం పెట్టిన కథ ఇప్పటికీ జనం పాటల్లో ఉంది. 1876-78 నాటి మహాకరువులో మద్రాసు రాష్ట్రంలో బాగా దెబ్బతిన్న జిల్లాల్లో కర్నూలు, కడప ఉన్నాయి. ఆ అనుభవాల తర్వాతే కరువు నివారణ నియమావళులు పుట్టాయి. ఎవరికి పని ఇవ్వాలి, ఎంత కూలి, పనిచేయలేనివాళ్లకు ఏం పెట్టాలి అనే ప్రశ్నలు స్ఫియర్ కంటే వందేళ్ల ముందే ఇక్కడ రాసుకున్నారు. 1952 కరువులో గంజి కేంద్రాల గురించి మీ ఇంట్లో పెద్దవాళ్లు విని ఉంటారు, అడిగి చూడండి.

వరదల సంగతి మీ తరానికే తెలుసు. 2009 అక్టోబరులో తుంగభద్ర, హంద్రీ పొంగి కర్నూలు నగరం మునిగింది. 2021 నవంబరు 19న అప్పటి కడప జిల్లాలో అన్నమయ్య ప్రాజెక్టు కట్ట తెగి, చెయ్యేరు ఒడ్డునున్న పులపత్తూరు, మందపల్లి లాంటి ఊళ్లను ముంచేసింది. ఇల్లు పోయి, తడిబట్టలతో, చలిగాలిలో రాత్రి గడపడం ఎట్లుంటుందో తెలుసుకోవడానికి అక్కడివాళ్లకు ఉక్రెయిన్ అవసరం లేదు. ఆ రోజుల్లో అన్నం పొట్లాలు కట్టి, ట్రాక్టరెక్కి పంచినవాళ్లలో మీరో, మీ సీనియర్లో ఉంటే దాన్ని బయోడేటాలో రాయండి. 'వరద సాయంలో పాల్గొన్నాను' అని కాదు. ఎన్ని రోజులు, ఏ ఊళ్లు, ఎన్ని కుటుంబాలు, మీరు చేసిన పని ఏమిటి.. ఇవి రాయండి.

యుద్ధం కూడా కడపకు మరీ కొత్త కాదు. ఈ జిల్లా నుంచి కువైట్ పోయినవాళ్లు లేని ఊరు తక్కువ. 1990 ఆగస్టులో ఇరాక్ కువైట్‌ను ఆక్రమించినప్పుడు దాదాపు లక్షా 70 వేలమంది భారతీయులను జోర్డాన్ రాజధాని అమ్మాన్ మీదుగా విమానాల్లో తెచ్చారు. కువైట్‌లో ఏళ్లు గడిపి వచ్చిన మీ పెదనాన్నో, పిన్నమ్మో మాట్లాడే అరబిక్ ఈ రంగంలో విలువైన భాష. ఐక్యరాజ్యసమితి అధికార భాషల్లో అదొకటి. వాళ్ల దగ్గర కూర్చుని వాడుక మాటలు నేర్చుకోండి, అక్షరాలు ఆన్‌లైన్‌లో దిద్దండి. కర్నూలు, కడపల్లో ఉర్దూ చదివినవాళ్లకైతే అరబిక్, పర్షియన్ లిపి సగం వచ్చినట్టే.

మొదటి మెట్టు ఇక్కడే

ఒక నిజం ముందే చెప్పాలి. పట్టా చేతికి రాగానే జెనీవా నుంచి పిలుపు రాదు. డాక్టర్స్ వితౌట్ బార్డర్స్, రెడ్‌క్రాస్ అంతర్జాతీయ కమిటీ లాంటివి విదేశీ పనులకు సాధారణంగా రెండేళ్ల వృత్తి అనుభవం అడుగుతాయి. ఆ రెండేళ్లు ఎక్కడ సంపాదించాలి? మీ జిల్లాలోనే.

కాలేజీలో ఉండగా: ఎన్ఎస్ఎస్‌లో చేరితే రెండేళ్లలో 240 గంటల సేవ, ఏడు రోజుల ప్రత్యేక శిబిరం ఉంటాయి. చాలా కాలేజీల్లో యూత్ రెడ్‌క్రాస్ ఉంది. భారత రెడ్‌క్రాస్ సొసైటీ జిల్లా శాఖకు కలెక్టరే అధ్యక్షులు. అక్కడ ప్రథమ చికిత్స శిక్షణ గురించి అడగండి. విపత్తుల్లో పనిచేసే వలంటీర్లకు శిక్షణనిచ్చే 'ఆపద మిత్ర' పథకం గురించి కలెక్టరేట్లోని విపత్తు నిర్వహణ విభాగంలో వాకబు చేయండి.

మన రాష్ట్రంలోనే: జాతీయ విపత్తు నిర్వహణ సంస్థ దక్షిణాది ప్రాంగణం విజయవాడ దగ్గర కొండపావులూరులో ఉంది. 2025 జనవరిలో ప్రారంభమైంది. జాతీయ విపత్తు స్పందన దళం 10వ బెటాలియన్ కూడా అక్కడే. ఆ సంస్థ ఆన్‌లైన్ శిక్షణలూ ఇస్తుంది.

ఉచిత కోర్సులు: 'కాయా', 'డిజాస్టర్ రెడీ' వెబ్‌సైట్లలో లాజిస్టిక్స్, భద్రత, పిల్లల రక్షణ వంటి కోర్సులు సర్టిఫికెట్‌తో సహా ఉచితం. ఒకటి రెండు చాలు, ఇరవై సర్టిఫికెట్లు పోగేయకండి.

పీజీ: ముంబైలోని టాటా ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ సోషల్ సైన్సెస్‌లో విపత్తు నిర్వహణలో ఎంఏ ఉంది. ఉద్యోగం చేసుకుంటూ చదవాలంటే ఇగ్నో దూరవిద్య డిప్లొమా చూడొచ్చు.

ఇంటి నుంచే: ఐక్యరాజ్యసమితి వలంటీర్ల విభాగం 18 ఏళ్లు నిండినవాళ్లకు ఆన్‌లైన్ పనులు ఇస్తుంది. అనువాదం, డిజైన్, డేటా పనులుంటాయి. డబ్బు రాదు, అనుభవం వస్తుంది. 18 నుంచి 26 ఏళ్ల మధ్యవాళ్లకు యువ వలంటీర్ల విభాగం వేరే ఉంది, అందులో జీవన భృతి ఇస్తారు. ఖాళీల ప్రకటనలకు 'రిలీఫ్‌వెబ్' చూస్తూ ఉండండి. దరఖాస్తు చేయకపోయినా ఆ ప్రకటనల్లో ఏ అర్హతలు అడుగుతున్నారో చదివితే మీరు ఏం నేర్చుకోవాలో తెలిసిపోతుంది.

తొలి ఉద్యోగం నీటి సంరక్షణ సంస్థలోనో, ఆస్పత్రి స్టోర్స్‌లోనో, కొరియర్ కంపెనీ గోదాములోనో దొరికినా చిన్నచూపు చూడకండి. రెండేళ్ల తర్వాత మిమ్మల్ని అడిగేది సరిగ్గా ఆ అనుభవమే.

ఇంట్లో అడిగే ప్రశ్నకు జవాబు

'యాడికో పోయి ఆ యుద్ధంలో నీకేం పని నాయనా?' అని అమ్మ అడుగుతుంది. అడగాలి కూడా. ఈ పనిలో ప్రమాదం ఉంది, దాచకూడదు. 2024లో ప్రపంచవ్యాప్తంగా 383 మంది సహాయ కార్యకర్తలు ప్రాణాలు కోల్పోయారని ఐక్యరాజ్యసమితి ప్రకటించింది. ఆ ఏడాది మే 13న గాజాలోని రఫాలో చనిపోయినవాళ్లలో మన సైన్యంలో పనిచేసి రిటైరై, ఐరాస భద్రతా విభాగంలో చేరిన అధికారి ఒకరున్నారు. 2003 ఆగస్టు 19న బాగ్దాద్‌లో ఐరాస కార్యాలయంపై జరిగిన బాంబు దాడిలో 22 మంది చనిపోయారు. ఆ తేదీనే ప్రపంచ మానవతా దినంగా పాటిస్తున్నారు.

1949 నాటి జెనీవా ఒప్పందాలు యుద్ధంలో పౌరులను, వైద్య సిబ్బందిని కాపాడాలని చెబుతాయి. మన దేశం 1960లో వాటికోసం చట్టం చేసింది. ఒప్పందం ఉన్నా ఉల్లంఘనలు జరుగుతూనే ఉన్నాయి. కాబట్టి భద్రతా శిక్షణ, బీమా, వెనక్కి తీసుకొచ్చే ఏర్పాటు లేని సంస్థతో యుద్ధ ప్రాంతానికి పోవద్దు. ఈ మూడూ అడగడం పిరికితనం కాదు, వృత్తి ధర్మం.

ఈ రంగంలో అందరూ ముందు వరుసలో ఉండరు. కొనుగోళ్లు, అకౌంట్లు, డేటా పనులు చాలావరకు ఢిల్లీలోనో, పొరుగు దేశంలోని క్షేమమైన నగరంలోనో జరుగుతాయి. ఇంట్లో ఇది వివరంగా చెప్పండి.

జీతాల గురించీ స్పష్టంగా ఉందాం. స్వదేశీ సంస్థల్లో మొదట్లో తక్కువే. ఒప్పందాలు ఆరు నెలలకో ఏడాదికో ఉంటాయి. 2025లో అమెరికా విదేశీ సాయాన్ని బాగా కోసేయడంతో ఐరాస సంస్థలు సైతం వేల ఉద్యోగాలు తగ్గించుకున్నాయి. అందుకే దీన్నొక్కదాన్నే నమ్ముకోకుండా, బయటా పనికొచ్చే నైపుణ్యంతో రండి. అకౌంటెంట్, నర్సు, ఇంజనీరు ఎక్కడైనా బతుకుతారు.

ఇంకో నియమం: తటస్థత. ఎవరి పక్షమైనా సరే, గాయపడినవాడు గాయపడినవాడే, చలికి వణికేవాడు వణికేవాడే. సోషల్ మీడియాలో ఒక దేశాన్నో మతాన్నో తిడుతూ పోస్టులు పెట్టే అలవాటుంటే ఇప్పుడే మానుకోండి. చెక్‌పోస్టు దగ్గర మీ ఒక్క పోస్టు మొత్తం బృందాన్ని ఆపేయగలదు.

మోసం ఇట్లా వస్తుంది

'యుద్ధం', 'విదేశం', 'ఉద్యోగం' అనే మూడు మాటలు కలిస్తే మోసగాళ్లకు పండగే. రష్యాలో సహాయకుల ఉద్యోగమని చెప్పి మన యువకులను తీసుకెళ్లి యుద్ధరంగంలో దింపిన ఉదంతం గుర్తుందా? హైదరాబాద్ యువకుడొకరు అక్కడ చనిపోయినట్టు 2024 మార్చిలో మన రాయబార కార్యాలయం ప్రకటించింది. అదే నెలలో సీబీఐ కేసు పెట్టింది. ఇల్లు గడవక పోయినవాళ్లు వాళ్లు. వాళ్లను వేలెత్తి చూపడానికి కాదు, మీరు ఆ గుంటలో పడకూడదనే ఈ మాట.

ఐక్యరాజ్యసమితి సంస్థలు దరఖాస్తుకు, ఇంటర్వ్యూకు, శిక్షణకు, ఏ దశలోనూ డబ్బు తీసుకోవు. అడిగారంటే అది నకిలీ.

విదేశీ ఉద్యోగమైతే ఏజెంటు పేరు ప్రభుత్వ 'ఈ-మైగ్రేట్' పోర్టల్‌లో ఉందో లేదో చూడండి. నమోదైన ఏజెంటు సేవా రుసుము రూ.30 వేలు, దానిపై జీఎస్టీ.. అంతకు మించి తీసుకోకూడదు.

ఒప్పందం మీకు అర్థమయ్యే భాషలో లేకపోతే సంతకం పెట్టొద్దు.

టూరిస్టు వీసా మీద ఉద్యోగానికి రమ్మంటే ఆగిపోండి.

పాస్‌పోర్టు ఎవరి చేతికీ ఇచ్చి వదిలేయకండి. వెళ్లేముందు ఒప్పందం, వీసా, టికెట్ కాపీలు ఇంట్లో ఉంచండి.

ఈ నెలలో మీరు చేయగలిగినవి

1. స్ఫియర్ హ్యాండ్‌బుక్‌లో నీళ్లు, నివాసం అధ్యాయాలు చదవండి. మీ హాస్టలునే శిబిరం అనుకుని లెక్క వేయండి. ఎంతమందికి ఎన్ని మరుగుదొడ్లు ఉన్నాయి? ప్రమాణానికి అందుతుందా?

2. ప్రథమ చికిత్స శిక్షణకు పేరు ఇవ్వండి.

3. ఎక్సెల్‌లో ఒక స్టాకు రిజిస్టర్ తయారుచేయండి. కోబోలో పది ప్రశ్నల సర్వే పెట్టి, మీ వీధిలో వేసవి నీళ్ల కష్టం మీద ఇరవై ఇళ్లు తిరగండి. వచ్చిన ఫలితాన్ని ఒక పేజీలో రాయండి. ఇంటర్వ్యూలో చూపించడానికి మీకంటూ ఒక పని ఉంటుంది.

4. ఇంగ్లిష్‌లో రోజూ ఒక చిన్న నివేదిక రాయడం అలవాటు చేసుకోండి. ఇంకో భాషకు అక్షరాలు దిద్దండి.

5. పాత బట్టలు సేకరించి పంపే ముందు అవతలివాళ్లకు ఏం కావాలో అడగండి. 2004 సునామీ తర్వాత తమిళనాడు తీరంలో ఎవరూ తొడగని పాత బట్టలు గుట్టలుగా పడి, వాటిని ఎత్తడమే ఓ పనైంది. అడిగి ఇవ్వడం ఈ వృత్తిలో మొదటి పాఠం.

నలభై నాలుగు డిగ్రీల ఎండలో ట్యాంకరు దగ్గర వరస సరిచేసి, ముసలమ్మ బిందె ముందు పెట్టించగలిగిన పిల్లకు మైనస్ పది డిగ్రీల చలిలో దుప్పట్ల వరస నడపడం నేర్పొచ్చు. మిగతాది శిక్షణతో వస్తుంది. మీ కాలేజీలో ఎన్ఎస్ఎస్ ప్రోగ్రాం ఆఫీసర్ ఎవరో తెలుసా? తెలియకపోతే రేపు కనుక్కోండి.